చెవిటివాని ముందు శంఖం

“చెవిటివాని ముందు శంఖం ఊదితే ‘అదేమిటి కొరుకుతున్నావు?’ అన్నాడట” అని మనకొక సామెత వుంది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ ఈ సామెతను నేనెన్నిసార్లు వాడానో లెక్కలేదు. వెనకబెంచీలో ఎవరైనా పరధ్యానంగా వుంటే ఇదే సామెత. అడిగినదొకటైతే చెప్పినదొకటైనా ఇదే సామెత. వాడినప్పుడల్లా క్లాసు గొల్లుమనేది. నాకూ లోపల్లోపల ముచ్చటగానే వుండేది.

మూడేళ్ళ క్రితం బి.ఎస్సీ. మొదటి సంవత్సరం క్లాసులో అలాగే సామెత విసిరాను. అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. చప్పున వెనక్కి తిరిగి, నవ్వుతున్న ముఖాలను ఒకటొకటిగా చూసి, మళ్ళీ నావైపు తిరిగింది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది నాకు. ఈసారి సైన్సు గ్రూపులో వినికిడి లేని అమ్మాయి ఒకతె చేరిందని ప్రిన్సిపాలుగారు చెప్పనే చెప్పారు. చెవులుండీ ఆ మాట నిలుపుకోనివాణ్ణి నేను.

మర్నాడు క్లాసు కాగానే ఆ అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి ఒక చీటీ వుంచింది. “నిన్న అందరూ నవ్వారు సార్. ఎందుకు?” అని వుంది అందులో.

ఏం రాయను? “ఏదో పాత సామెతలే అమ్మా” అని రాసిచ్చాను. ఊరుకోలేదు. “ఏ సామెత?” అని రాసింది. ఇక తప్పక సామెత మొత్తం రాశాను. కోపగించుకొంటుందనో, కళ్ళనీళ్ళు పెట్టుకొంటుందనో భయపడ్డాను. అదేమీ లేదు. రెండుసార్లు చదివి, కాసేపు ఆలోచించి, ఆ కిందనే రాసింది: “అతను చూశాడు, అడిగాడు. తప్పు ఏమి?”

నిజమే గదా! తెల్లని గట్టి వస్తువు ఒకటి నోటికి ఆనించుకొని, బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసిన మనిషిని చూస్తే ఎవరైనా ఇంకేమని అడుగుతారు? చూసినదాన్ని బట్టి అనుమానం, అనుమానాన్ని బట్టి ప్రశ్న. సైన్సు పాఠం మొదలయ్యేదే అక్కడ. అడిగినవాడి దగ్గర లోపమేమీ లేదు. శంఖమంటే ఏమిటో అతనికి తెలిసే పద్ధతిలో చెప్పకుండా ఊదుకొంటూ పోయినవాడి దగ్గర వుంది.

వినికిడి లేని పిల్లలకు కాలేజీ స్థాయిలో సైన్సు చెప్పటం సాధ్యమేనా, సాధ్యమైతే ఎలా అన్న విషయం మీద ఈ మూడేళ్ళుగా నేను చూసినదీ, చదివినదీ పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కామర్సులోకి మార్చేదా?

ఆ సంవత్సరమే ఒక ఆదివారం ఆ అమ్మాయి తండ్రిగారు మా ఇంటికి వచ్చారు. చిన్న ఉద్యోగి, నెమ్మదస్తుడు.

“మాస్టారూ, అమ్మాయి సైన్సు సైన్సని పట్టుపట్టి కూర్చుంది. పుస్తకాలు ముందేసుకొని ఇంటర్ ఎలాగో గట్టెక్కింది. ఇక్కడ లాబొరేటరీలో నెగ్గలేకపోతున్నదని అంటున్నారు. బి.కాం.లోకి మార్పించేస్తే ఎలా వుంటుందంటారు? మీరొక మాట చెబితే వింటుంది” అన్నారు. ‘వింటుంది’ అన్నాక ఆయనే నాలిక కరచుకొన్నారు.

“ఇంట్లో మీరంతా అమ్మాయితో ఎలా మాట్లాడతారండీ?” అని అడిగాను.

“ఏముంది మాస్టారూ! అన్నానికీ, నిద్రకీ, వూరికి వెళ్ళటానికీ సైగలున్నాయి. తక్కినదంతా కాగితం మీదే. బధిరుల స్కూల్లో హాస్టలు పిల్లలతో మాత్రం గంటలకొద్దీ చేతులతోనే మాట్లాడేది. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.”

కన్నబిడ్డ గంటలకొద్దీ ఒక భాష మాట్లాడుతూ వుంటే కన్నవారికి ఒక్క ముక్క తెలియకపోవటం నాకు విచిత్రంగా తోచింది. “ఒక్క నెల ఆగండి. ముందు లాబొరేటరీలో ఏం జరుగుతున్నదో నేను చూసివస్తాను” అని చెప్పి పంపాను.

చూపు ఒకటే, చూడవలసినవి నాలుగు

తెలుగు మాస్టారు రసాయనశాస్త్రం లాబొరేటరీకి రావటం చూసి పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వారు. నేనొక మూల స్టూలు మీద కూర్చున్నాను.

ఆనాటి ప్రయోగం అంశమాపనం. బ్యూరెట్టులో క్షారం, కింద ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్. పైనుంచి క్షారం చుక్క చుక్కగా పడుతూ వుంటే ఏదో ఒక చుక్క దగ్గర ఆ రంగులేని ద్రవం లేత గులాబిరంగుకు తిరుగుతుంది. సరిగ్గా అక్కడ ఆపాలి. దాటితే రంగు ముదురుతుంది, లెక్క తప్పుతుంది. మా రసాయనశాస్త్రం లెక్చరరు మంచి ఉపాధ్యాయుడు. పిల్లల వెనకే నడుస్తూ, “దగ్గరకు వచ్చింది... ఇక మెల్లిగా... ఫ్లాస్కు కలుపుతూ వుండండి... ఆ, ఆపండి!” అని హెచ్చరిస్తున్నాడు. పిల్లలు చెవులు ఆయనకు అప్పగించి కళ్ళు ఫ్లాస్కుకు అప్పగించారు.

ఈ అమ్మాయికి ఆ సదుపాయం లేదు. ఆయన ఏదో అంటున్నాడని పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే తలెత్తి ఆయన ముఖం చూసింది. తిరిగి తల దించేసరికి ఫ్లాస్కులో ద్రవం మందారపువ్వులా ఎర్రబడిపోయింది. “మళ్ళీ చెయ్యి” అన్నాడాయన. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. మూడుసార్లు నేను చూశాను. చేతిలో పొరపాటు లేదు, బుర్రలో లోటు లేదు. ఒకే సమయంలో రెండు చోట్ల చూడమంటే ఎవరు చూడగలరు?

క్లాసురూములోనూ ఇదే కథ. మనం బోర్డు మీద బొమ్మ వేస్తూ నోటితో వివరిస్తాం. విద్యార్థి చెవి మాటను, కన్ను బొమ్మను పట్టుకొంటాయి. చెయ్యి నోట్సు రాస్తుంది. వినికిడి లేనివారికి ఈ పనులన్నీ కంటిమీదనే పడతాయి. పక్కన సైగలతో చెప్పే దుబాసీని నిలబెట్టినంత మాత్రాన ఇది తీరదు. దుబాసీ చేతులు, బోర్డు, బల్ల మీద పరికరం, ఒళ్ళో నోట్సు పుస్తకం - చూడవలసినవి నాలుగు, చూపు ఒకటే. అందువల్ల చెప్పటం ఒకసారి, చూపటం ఒకసారి జరగాలి. చెప్పి ఆగాలి. చూడనివ్వాలి. తరవాత మళ్ళీ చెప్పాలి. దీనికి కానీ ఖర్చు లేదు. ఉపాధ్యాయుడికి కావలసిందల్లా కాస్త నిదానం.

“పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోకూడదా?” అని కొందరు అడుగుతారు. ఒక్కసారి అద్దం ముందు నిలబడి, గొంతు పలకకుండా ‘పాట, బాట, మాట’ అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకే తీరుగా కదులుతాయి. ‘క, గ’లు నోటి లోపలెక్కడో పుడతాయి కనుక బయటికి కనబడనే కనబడవు. తెలిసిన మాటయితే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. సైన్సు పాఠంలో మాటే కొత్తది. కొత్తమాటను ఊహించటం ఎలా?

“పోనీ, అంతా రాసిచ్చేస్తే?” అనేది రెండో ప్రశ్న. తెలుగు మాస్టారుగా దీనికి నేను సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ అమ్మాయి వ్యాసంలో విభక్తులు తప్పాయని మొదటి పరీక్షలో ఎర్రసిరాతో పేజీ నింపాను. పుట్టినప్పటినుంచి చెవిని పడని భాష ఎంత ఇంటిభాష అయినా పరాయి భాషే అవుతుందన్న సంగతి నాకు తట్టలేదు. మన పిల్లలు బడికి వచ్చేసరికే తెలుగు వాళ్ళ నాలుకమీద వుంటుంది. బడిలో లిపి మాత్రం నేర్చుకొంటారు. ఈ పిల్లలు లిపితోపాటు భాషనూ కాగితం మీదనుంచే నేర్చుకోవాలి. ఆపైన కాలేజీ పుస్తకాలు ఇంగ్లీషువి. రాసిచ్చిన నోట్సు తప్పకుండా సాయపడుతుంది. కాని పాఠం అర్థం కావటానికి మనసుకు దగ్గరి భాష ఒకటి వుండాలి. వీళ్ళకు ఆ భాష చేతుల భాషే.

భాషేనా అది?

‘సైగలు కూడా ఒక భాషేనా?’ అని నేనూ అనుకొన్నవాణ్ణే. చదివిన కొద్దీ సిగ్గుపడ్డాను.

పద్ధెనిమిదవ శతాబ్దంలో పారిస్‌లో ద లెపే అనే మతగురువు బధిర బాలలు తమలో తాము వాడుకొనే సైగలను ఆధారం చేసుకొని వాళ్ళకు చదువు చెప్పాడు. ఆ పాఠశాలలో చదివిన లారెంట్ క్లెర్క్ అనే బధిరుడు అమెరికా వెళ్ళి, థామస్ గాలోడెట్‌తో కలిసి 1817లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో బడి పెట్టాడు. 1864లో, అంతర్యుద్ధం నడుస్తూ వుండగా, అబ్రహాం లింకన్ సంతకంతో వాషింగ్టన్‌లో బధిరులకు కాలేజీ పట్టాలిచ్చే అధికారం వచ్చింది. ఈనాటి గాలోడెట్ యూనివర్సిటీ అదే.

కాని 1880లో మిలాన్ నగరంలో బధిరవిద్య మీద ఒక అంతర్జాతీయ మహాసభ జరిగింది. నూట అరవైమందికి పైగా ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. చేతులతో చెప్పటం మానిపించి నోటితో పలికించటమే విద్య అని ఆ సభ తీర్మానించింది. ఆ తీర్మానం ఫలితంగా దేశదేశాల బళ్ళలో సైగల మీద నిషేధం పడింది. కొన్ని చోట్ల పిల్లల చేతులు కట్టేసేవారు కూడా. ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం వెలిబుచ్చటానికి మళ్ళీ అటువంటి మహాసభే, 2010లో వాంకోవరులో, కూడవలసి వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ళు!

ఇందులో మా తెలుగు మాస్టార్లం గర్వించదగ్గ ఘట్టం ఒకటుంది. 1955లో గాలోడెట్ కాలేజీకి విలియం స్టోకీ అనే ఇంగ్లీషు సాహిత్యం అధ్యాపకుడు వచ్చాడు. విద్యార్థులు సైగలు చేసుకోవటం పరకాయించి చూశాడు. మన మాటలు అక్షరాలుగా విడిపోయినట్టే ఒక్కొక్క సైగా విడిపోతుందని కనిపెట్టాడు. చెయ్యి పట్టిన ఆకారం, శరీరం ముందు అది వుండే చోటు, అది కదిలే తీరు - వీటిలో ఒకటి మారితే అర్థం మారిపోతుంది. ‘పాట’లో పకారం మకారమైతే ‘మాట’ అయినట్టే! 1960లో ఈ సంగతి ప్రకటిస్తే తోటివారే నవ్వారు. ఆయన ఊరుకోక ఇద్దరు బధిర సహచరులతో కలిసి 1965లో నిఘంటువు తెచ్చాడు.

మన దేశపు సంజ్ఞాభాషకూ దాని వ్యాకరణం దానికుంది. ‘నేను నీకు ఇచ్చాను’, ‘నువ్వు నాకు ఇచ్చావు’ అనటానికి మనకు విభక్తులు కావాలి. వాళ్ళకు ‘ఇచ్చు’ అనే సైగ ఎటునుంచి ఎటు కదిలిందో చూస్తే చాలు. ప్రశ్నార్థకం వాక్యం చివర వస్తుంది. నేను ఎర్రసిరాతో కొట్టేసిన తప్పులు ఒక భాషవారు మరొక భాష రాసేటప్పుడు చేసే తప్పులని అప్పటికి గాని తెలియలేదు.

దుబాసీ వచ్చిన రోజు

లెక్చరర్లం కొందరం తలాకొంత వేసుకొని, దగ్గరి పట్టణంనుంచి ఒక దుబాసీ అమ్మాయిని వారానికి రెండు రోజులు రప్పించాం. సంజ్ఞాభాషలో శిక్షణ పొందిన పిల్ల. ఇక అన్ని కష్టాలూ తీరాయనుకొన్నాం.

మొదటి రోజు మా ఫిజిక్సు లెక్చరరు విద్యార్థినిని చూడటం మానేసి, దుబాసీతో “ఇది ఆ అమ్మాయికి చెప్పండి, అది ఆ అమ్మాయికి చెప్పండి” అనటం మొదలుపెట్టాడు. దుబాసీ నవ్వి, “సార్, నేను లేననుకోండి. అమ్మాయితోనే మాట్లాడండి” అంది.

రెండో రోజు అసలు చిక్కు వచ్చింది. పుస్తకం ఇంగ్లీషుదైనా మా వివరణలు తెలుగులోనే గదా. “ఎలక్ట్రాన్ ఒక కణం” అన్నారు పాఠంలో. దుబాసీ ఆర్ట్స్ చదివిన పిల్ల; తనకు తెలిసిన ‘కణం’ సైగ చేసింది. సాయంత్రం ఆ అమ్మాయి నోట్సులో “ఎలక్ట్రాన్ జీవం వుందా?” అన్న ప్రశ్న కనబడింది. జీవశాస్త్రంలో ప్రాణుల శరీరాలకు ఇటుకలవంటిదీ కణమే, భౌతికశాస్త్రంలో అతిసూక్ష్మమైన రేణువూ కణమే! తప్పు దుబాసీది కాదు. ఒకే మాటను రెండింటికీ వాడుకొంటున్న మన తెలుగుది.

‘పని’ అన్న మాటా ఇలాంటిదే. బస్తా నెత్తిన పెట్టుకొని కదలకుండా గంటసేపు నిలబడ్డవాడు బస్తా మీద ఏ పనీ చెయ్యలేదంటుంది భౌతికశాస్త్రం. బలం ఉపయోగించి వస్తువును కదిలిస్తేనే పని. ఇంట్లో పనికీ పొలంపనికీ వాడే సైగనే ఇక్కడా వాడితే పాఠం తలకిందులవుతుంది. సైగ తెలియనప్పుడు ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరంగా వేళ్ళతో చూపించే పద్ధతి వుంది. ‘ఫోటోసింథసిస్’కు 14 అక్షరాలు. ఒక్కొక్క పాఠంలో ఇటువంటి మాట పాతికసార్లు వస్తే చూసేవారి గతి ఏమిటి? పైగా అక్షరాలు పేరును చెబుతాయేగాని భావాన్ని చెప్పవు.

“చూశారా! సైగల భాషలో సైన్సు చెప్పటానికి మాటలే లేవు” అన్నారొక మిత్రులు. ఈ వాక్యం నాకు బాగా పరిచయమైనది. తెలుగును గురించి కూడా పెద్దలు అచ్చంగా ఇదే అనేవారు. ఐతే ఏం జరిగింది? 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్రగ్రంథాలు వేశారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో సైన్సు చెప్పటానికి పూనుకొన్నప్పుడు, మాటలు తయారు చెయ్యటానికి అంతకు ముందు సంవత్సరమే అనువాద విభాగం ఏర్పడింది. 1968లో తెలుగు అకాడమి వచ్చి కాలేజీ పుస్తకాలకు పారిభాషిక పదాలు సమకూర్చింది. ఏ భాషా శాస్త్రపదాలు కడుపున పెట్టుకొని పుట్టదు. క్లాసులోకి రానిస్తే సంపాదించుకొంటుంది. గుమ్మం బయట నిలబెట్టి, బీదదని ఆడిపోసుకోవటం న్యాయం కాదు.

బ్రిటన్‌లో ఎడింబరో యూనివర్సిటీ కేంద్రంగా ఇటువంటి కృషి 2007నుంచి జరుగుతున్నది. బధిరులైన శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, భాషాశాస్త్రజ్ఞులు ఒకచోట కూర్చొని సైన్సు మాటలకు సైగలు రూపొందిస్తారు. రసాయనశాస్త్రజ్ఞురాలు డాక్టర్ ఆడ్రీ కామెరాన్ ఈ కృషిలో ముఖ్యురాలు, ఆమే బధిరురాలు. వారి పద్ధతిలో సొగసేమిటంటే ఒక కుటుంబానికి చెందిన భావాలకు ఒక కుటుంబపు సైగలు. స్థూలంగా చెప్పాలంటే, ద్రవ్యరాశికి బిగించిన పిడికిలి. ఆ పిడికిలినే భూమి కిందికి లాగుతున్నట్టు చూపితే భారం. ఆ పిడికిలినే రెండో చేత్తో చుట్టి పడితే సాంద్రత. ఏ మాట ఏ మాటకు చుట్టమో చూడగానే తెలుస్తుంది.

మా కాలేజీలోనూ చిన్న ఎత్తున ఇదే జరిగింది. ‘పని’కి మంచి సైగ ఏమిటని దుబాసీ, ఫిజిక్సు లెక్చరరు తల పట్టుకొంటూ వుంటే, ఆ అమ్మాయి ఒక పిడికిలితో రెండో పిడికిలిని నెట్టి కొంతదూరం జరిపి చూపింది. నెట్టినా జరగకపోతే? తల అడ్డంగా ఊపి ‘సున్నా’ చూపింది. “ఏటా నలభైమందికి చెబుతున్నాను గాని ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చెప్పలేదు” అన్నాడు ఫిజిక్సు లెక్చరరు. ఆ తరవాత ఆ సైగ మిగతా పిల్లలకు కూడా ఆయన చూపుతున్నాడు.

ఆకాశాన్ని కొలిచినవారు

వినికిడి లేనివారు సైన్సులో రాణించగలరా అని సందేహించేవారికి కొన్ని పేర్లు చెబుతాను. ఇంగ్లండులో జాన్ గుడ్‌రిక్ అనే బధిర యువకుడు ఆల్గాల్ అనే నక్షత్రం వెలుగు రెండు రోజుల ఇరవై గంటల చిల్లరకొకసారి తగ్గటం కనిపెట్టి, దాన్ని మరొక గోళం అడ్డుకొంటూ వుండవచ్చునని ఊహించాడు. ఇందుకు 1783లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. మర్నాటి సంవత్సరం డెల్టా సెఫై అనే నక్షత్రపు వెలుగులోని హెచ్చుతగ్గులు గమనించాడు. ఇరవై ఒక్కేళ్ళకే కన్నుమూశాడు. ఆ జాతి నక్షత్రాలను గురించే 1912లో అమెరికాలో హెన్రియెటా లెవిట్ గొప్ప సూత్రం చెప్పింది. ఆమె కూడా వినికిడి పోగొట్టుకొన్న మనిషే. ఆ సూత్రం ఆధారంగానే 1920లలో హబుల్, ఆండ్రొమెడా మన పాలపుంతకు ఆవల వున్న మరొక నక్షత్రమండలమని తేల్చాడు. విశ్వం ఎంత పెద్దదో చెప్పిన కొలబద్దను ఇద్దరు బధిరులు మన చేతిలో పెట్టారన్నమాట.

ఆస్ట్రేలియాలో పుట్టిన జాన్ కార్న్‌ఫోర్త్ కథ మరీ ముచ్చటైనది. పదేళ్ళ వయసునుంచి క్రమంగా వినికిడి పోయింది. పదహారో ఏట సిడ్నీ యూనివర్సిటీలో చేరాడు. ఉపన్యాసాలు వినబడవు కనుక పుస్తకాలు, లాబొరేటరీలే గురువులు. తోటి విద్యార్థిని రీటా ఒకనాడు గాజు ఫ్లాస్కు పగలగొట్టుకొంటే, గాజు అతకటంలో నేర్పరి అయిన ఈయన దాన్ని బాగుచేసిచ్చాడు. తరవాత ఇద్దరూ స్కాలర్‌షిప్పుల మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. 1941లో పెళ్ళి చేసుకొన్నారు. జీవితాంతం ఆయన పరిశోధనలోనూ, నలుగురితో మాటామంతీలోనూ ఆమే తోడు. 1975లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. అణువులలో పరమాణువులు ఏ దిక్కున ఎలా అమరి వుంటాయన్నది ఆయన విషయం. కొన్ని అణువులు మన కుడి ఎడమ చేతులవలె ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలుగా వుంటాయి. ఈ పాఠానికి రెండు చేతులకంటే మంచి బోధనోపకరణం ఏముంది?

ఐతే ఈ కథలు చెప్పి, “చూశావా, వాళ్ళకెవరూ సాయం చెయ్యలేదు, నువ్వూ పైకి రా” అని మన పిల్లలను దబాయించకూడదు. మేధావి ఒకడు గోడ దూకాడని తక్కినవారికి తలుపు తీయనక్కరలేదనటం తగదు. అమెరికాలో 1965 చట్టంతో రాచెస్టరులో బధిరుల సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడి, 1968లో విద్యార్థులను చేర్చుకొంది. అక్కడ వందలాది బధిర విద్యార్థులు వినికిడి వున్నవారి పక్కనే కూర్చొని సైన్సు, ఇంజనీరింగు చదువుతున్నారు. దుబాసీలుంటారు, నోట్సు రాసిపెట్టేవారుంటారు, ఉపన్యాసం జరుగుతూ వుండగానే తెరమీద అక్షరాలు కనబడే ఏర్పాటు వుంటుంది. అక్కడ చదివేవారంతా కార్న్‌ఫోర్త్‌లు కానక్కరలేదు. మన పిల్లలవలె మామూలు తెలివితేటలున్నవారు చదువుకొని ఉద్యోగాలు చేసుకొంటే చాలు.

మనం చేయగలిగినది

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వినికిడి లోపం వున్నవారు యాభై లక్షలకు పైమాటే. ఉస్మానియా వైస్‌చాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేర ముంబయిలో 1983లో జాతీయసంస్థ వెలిసింది. సికింద్రాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం వుంది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. అది తయారుచేసిన నిఘంటువు 2021నాటి మూడవ కూర్పుకు పదివేల మాటలకు పెరిగింది. స్కూలు పాఠ్యపుస్తకాలను సంజ్ఞాభాషలోకి తేవటానికి 2020లో ఎన్.సి.ఇ.ఆర్.టి.తో ఒప్పందం కుదిరింది. 2016 చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు నూటికి అయిదుకు తక్కువ కాకుండా సీట్లు ఇవ్వాలన్నది.

ఇవన్నీ సంతోషించదగ్గవే. కాని సీటు ఇవ్వటం వేరు, పాఠం అందించటం వేరు. స్కూలు పుస్తకం చేతుల భాషలోకి వచ్చి, బి.ఎస్సీ. పాఠం రాకపోతే, పిల్లను వంతెన సగం దాకా తీసుకువెళ్ళి వదిలినట్టవుతుంది. కాలేజీ సైన్సు తెలిసిన దుబాసీలు కావాలి. బధిరులలోనే సైన్సు చదివినవారు పెరిగి, మాటలు వారే కూర్చాలి.

అంతవరకూ చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. మా లెక్చరర్లు ఇప్పుడు బోర్డువైపు తిరిగి మాట్లాడరు. పాఠంలో వచ్చే కొత్తమాటల పట్టీ దుబాసీకి ముందురోజే అందుతుంది. ‘కణం’ అంటే ఏ కణమో అందులో రాసి వుంటుంది. లాబొరేటరీలో ముందు మొత్తం చెప్పి, తరవాతనే పరికరం ముట్టుకోనిస్తారు. నడుమ పిలవవలసి వస్తే చెక్కబల్లను వేలితో రెండుసార్లు తడతారు. ఆ అదురు చేతికి తెలుస్తుంది. ప్రమాద సూచనకు గంటతోపాటు మిణుకుమిణుకుమనే ఎర్రదీపం పెట్టించాం. ఆదివారాలు ఆ అమ్మాయే మాకు గురువు. అయిదుగురు తోటి పిల్లలు, ఆమె తల్లిదండ్రులు, నేను - ఎనిమిదిమందిమి విద్యార్థులం. నా వేళ్ళు బిరుసెక్కాయట. అక్షరాలు స్పష్టంగా రావటం లేదట. మొన్న పరీక్షలో నాకు పదికి నాలుగు వేసింది. విభక్తుల లెక్క తీర్చుకొందేమో!

ఈ ఏడు చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీనుంచి పరీక్షాధికారి వచ్చారు. ఆయనకు విషయం తెలియదు. వెనకనుంచి వచ్చి ఆ అమ్మాయిని ఏదో ప్రశ్న వేశారు. జవాబు లేదు. మళ్ళీ వేశారు. ఇంతలో అటూ ఇటూ బల్లల దగ్గరనుంచి అయిదు జతల చేతులు పైకి లేచి ఆ ప్రశ్నను ఆమెకు అందించాయి. ఆయన నివ్వెరపోయి, వెంటనే బల్ల ముందు వైపుకు నడిచివచ్చి నిలబడ్డారు. ఫ్లాస్కులో లేత గులాబిరంగు. ఆమె జవాబు కాగితం మీద రాసి చూపింది. ఆయన తల వూపారు.

ఎం.ఎస్సీ. చదువుతానంటున్నది. ఆ చదువు చెప్పే యూనివర్సిటీలో దుబాసీ దొరుకుతుందో లేదో తెలియదు. తండ్రిగారు మాత్రం ఇక కామర్సు మాట ఎత్తటం లేదు. కూతురితో మాట్లాడటానికి ఆయనకిప్పుడు కాగితం అక్కరలేదు.

నా పాత సామెతను క్లాసులో మానేశాను. స్టాఫు రూములో మాత్రం, “ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు తలకెక్కటం లేదండీ” అని ఎవరైనా విసుక్కొన్నప్పుడు ఒకసారి జ్ఞాపకం చేస్తూ వుంటాను.